ఒకే పేపర్ రెండు జర్నళ్లకు వెళ్లింది, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న:

తెలంగాణలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మైక్రోబయాలజీ స్కాలర్ రాసిన ఉత్తరమిది. పేరు, ఊరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.

ఆమె 2021లో పీహెచ్‌డీకి రిజిస్టర్ అయ్యారు. పసుపులో దుంపకుళ్లును అడ్డుకునే బ్యాక్టీరియా మీద పని. థీసిస్ ఇచ్చేముందు జరిగే ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లోపు పేపర్ కావాలన్న తొందరలో ఒక సీనియర్ మాట విని, ఆగస్టులో ఒక 'ఇంటర్నేషనల్ జర్నల్'కి పేపర్ పంపారు. గైడ్‌కి చెప్పలేదు. కానీ రచయితల్లో ఆయన పేరు పెట్టారు, కాపీరైట్ ఫారంలో ఆయన తరఫున కూడా తానే పేరు టైపు చేశారు. నాలుగో రోజే యాక్సెప్టెన్స్ వచ్చింది, 18,500 రూపాయలు కట్టమన్నారు. రివ్యూ పేరుతో వచ్చినవి రెండే వాక్యాలు: పేపర్ బాగుంది, గ్రామర్ చూసుకోండి. ఆ ఐఎస్ఎస్ఎన్ (జర్నల్‌ని గుర్తించే సంఖ్య) వేరే దేశంలోని జర్నల్‌దని స్నేహితురాలు కనిపెట్టాక, డబ్బు కట్టకుండా పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని మెయిల్ పెట్టారు. విత్‌డ్రాయల్ ఫీజు 300 డాలర్లు కట్టాలి, లేదంటే ప్రచురించేస్తాం, మీ యూనివర్సిటీకి ఫిర్యాదు కూడా చేస్తాం అని జవాబొచ్చింది.

అంతలో గైడ్ అదే పేపర్‌ని పేరున్న ఒక సొసైటీ జర్నల్‌కి (శాస్త్రవేత్తల సంఘం నడిపేది) పంపమన్నారు. పాత సంగతి చెప్పే ధైర్యం లేక, 'ఈ పేపర్ మరెక్కడా పరిశీలనలో లేదు' అన్న గడిలో టిక్ పెట్టి పంపేశారు. ఇప్పుడు అక్కడి నుంచి మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమని) వచ్చింది, గడువు 30 రోజులు. గైడ్ ఇంకో మాట కూడా అన్నారు: రివిజన్‌లో హెచ్‌ఓడి పేరు చేర్చు, మూడో రచయితగా ఉన్న ఎంఎస్సీ అమ్మాయి పేరు తీసేయ్, ఆమె ఎలాగూ బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయింది కదా అని. ఆ అమ్మాయి ఆరు నెలలు ల్యాబ్‌లో కూర్చుని రెండో టేబుల్, మూడో ఫిగర్ తాలూకు ప్రయోగాలన్నీ చేసింది. 'నేను మోసం చేసినట్టా? సార్‌కి ఎదురు చెబితే నా థీసిస్ గతేమిటి?' అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ దొంగ జర్నల్ గురించే ఉంది. నిజానికి మీ చిక్కుల్లో అన్నిటికన్నా తేలికైనది అదే. బరువైనవి రెండున్నాయి, ఒకదాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు: గైడ్ పేరు ఆయనకు తెలియకుండా పెట్టడం. హెచ్‌ఓడి పేరు చేర్చమంటే మీ మనసు ఒప్పుకోవడం లేదు, అది న్యాయమే. కానీ పని చేయని మనిషి పేరు పెట్టడమూ, పని చేసిన మనిషికి తెలియకుండా పేరు పెట్టడమూ ఒక చెట్టు కాయలే. పేపర్ మీద పేరంటే 'ఇందులో ఉన్నదానికి నేను జవాబుదారీ' అని చేసిన సంతకం. ఒకరి సంతకం ఇంకొకరు పెట్టకూడదు.

ఇది మిమ్మల్ని నొప్పించడానికి కాదు. మీరు ఎవరితో ముందు మాట్లాడాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. ముందు గైడ్‌తో, తర్వాత సొసైటీ జర్నల్ ఎడిటర్‌తో, ఆపైనే దొంగ జర్నల్‌తో. ఈ వరుస తప్పి, గైడ్‌కి చెప్పకుండా ఎడిటర్‌కి రాశారనుకోండి, ఎడిటర్ జవాబు కరస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) అయిన గైడ్‌కే వెళ్తుంది. మీ తప్పు సంగతి ఆయన ఎడిటర్ నోట వినాల్సి వస్తుంది. అంతకన్నా చెడ్డ దారి లేదు.

మోసమా అని అడిగారు. ఒకే పేపర్ ఒకేసారి రెండుచోట్ల పరిశీలనలో ఉండటం జర్నళ్ల దృష్టిలో కచ్చితంగా నియమోల్లంఘనే. జీతం తీసుకోని రివ్యూయర్ల సమయం రెండుచోట్ల ఖర్చవుతుంది. ఇద్దరు ప్రచురణకర్తలకు ఒకే హక్కు రాసిచ్చినట్టవుతుంది. రెండుచోట్లా అచ్చయితే, రేపు ఎవరో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టేటప్పుడు మీ ప్రయోగం రెండుసార్లు లెక్కకొస్తుంది. అయితే మీ పక్షాన ఒకటుంది: రెండో జర్నల్‌కి పంపేముందే మొదటిదానికి వెనక్కి తీసుకుంటున్నానని తేదీతో సహా మెయిల్ పెట్టారు. ఒప్పుకోనిది వాళ్లు. ఆ మెయిల్ ఉన్నంతవరకు ఇది సరిదిద్దుకోదగ్గ పొరపాటు. రివిజన్ కూడా పంపేసి మౌనంగా ఉండిపోతే మాత్రం అది దాచిపెట్టడం అవుతుంది.

ఎడిటర్ విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, రివిజన్ పంపేముందే ఉన్నదున్నట్టు రాయడం. ఆ ఉత్తరంలో క్షమాపణలు పేజీలకొద్దీ వద్దు. ఈ పేపర్‌ని ఫలానా తేదీన ఫలానా పేరున్న సైట్‌కి పంపాను. ఫలానా తేదీన వెనక్కి తీసుకుంటున్నట్టు రాశాను, కాపీ జతచేశాను. డబ్బు కట్టలేదు, అది అక్కడ ప్రచురితం కాలేదు. సబ్మిషన్ సమయంలో ఈ సంగతి చెప్పకపోవడం నా తప్పు, సహరచయితలకు అప్పుడు తెలియదు. మీ నిర్ణయానికి కట్టుబడతాం. ఇంతే. దీనికి ఎడిటర్ రకరకాలుగా స్పందించవచ్చు. కొందరు విత్‌డ్రాయల్ రుజువు చూసి రివ్యూ కొనసాగిస్తారు. కొందరు తమ నియమం ప్రకారం పేపర్ తిరగ్గొట్టి, అంతా తేలాక కొత్తగా పంపమంటారు. రెండో రకం తగిలితే మీకు పోయేది కొన్ని నెలలు.

రెండోది, సొసైటీ జర్నల్ నుంచి కూడా మీరే వెనక్కి తీసుకోవడం. శుభ్రమైన దారి, కానీ ఖరీదైనది. మేజర్ రివిజన్ దాకా వచ్చిన పేపర్ అంటే రివ్యూయర్లు దాన్ని చదివి, బాగుచేయవచ్చని చెప్పినట్టే. దాన్ని వదులుకోవడం ఎడిటర్ చెప్పాక చేయాల్సిన పని, ముందే కాదని నా అభిప్రాయం.

మూడోది, ఏమీ చెప్పకపోవడం. మీ సీనియర్ ఇదే సలహా ఇచ్చి ఉంటారు. దీని లెక్క ఇలా ఉంటుంది. పెద్ద జర్నళ్లు చాలావరకు సబ్మిషన్ రోజున, కొన్ని అంగీకారానికి ముందు మరోసారి, ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పోలిక చూస్తాయి. ఈలోగా ఆ సైట్ మీ పేపర్‌ని వెబ్‌లో పెట్టేస్తే పోలిక ఎనభై, తొంభై శాతం చూపిస్తుంది. అక్కడ తప్పించుకుని అచ్చయినా, తర్వాత ఎవరైనా గుర్తిస్తే డూప్లికేట్ పబ్లికేషన్ కింద రిట్రాక్షన్, అంటే జర్నల్ ఆ పేపర్‌ని బహిరంగంగా రద్దు చేయడం. రిట్రాక్ట్ అయిన పేపర్ మాయమైపోదు. ఆ ముద్రతోనే, నోటీసుతోనే నెట్‌లో ఉండిపోతుంది. అలా రద్దయిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ని, పేపర్లకు గుర్తింపు సంఖ్యలిచ్చే క్రాస్‌రెఫ్ సంస్థ 2023లో కొని అందరికీ తెరిచి పెట్టింది. రేపు ఇంటర్వ్యూ బోర్డులో ఎవరైనా మీ పేరు కొట్టి చూడటానికి అర నిమిషం చాలు.

ఇప్పుడు ఆ దొంగ జర్నల్. మీ స్నేహితురాలు చెప్పిన గుర్తుల్నిబట్టి అది హైజాక్ చేసిన జర్నల్ కావచ్చు. నిజంగా ఉన్న ఏదో జర్నల్ పేరు, ఐఎస్ఎస్ఎన్ ఎత్తుకొచ్చి, వేరే సైట్ కట్టి, డబ్బు వసూలు చేస్తారు. సొంత వెబ్‌సైట్ సరిగా లేని, అచ్చులో మాత్రమే వచ్చే పాత జర్నళ్లు వీళ్లకు మంచి మేత. తేల్చుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఎనిమిది అంకెలు కొట్టి దేశం, ప్రచురణకర్త ఎవరో చూడండి. పరిశోధన జర్నళ్ల సూచిక అయిన స్కోపస్ సోర్స్ జాబితా ఉచితమే, అందులో ఆ శీర్షిక కింద ప్రచురణకర్త పేరు సరిపోలుతోందా, 'డిస్‌కంటిన్యూడ్' అని ఉందా చూడండి. రిట్రాక్షన్ వాచ్ వాళ్లు అన్నా అబల్కినా అనే పరిశోధకురాలితో కలిసి 2022 నుంచి హైజాక్ అయిన జర్నళ్ల జాబితా నడుపుతున్నారు, అందులోనూ వెతకండి. సైట్ మీద కోప్ (ప్రచురణ నైతికతను చూసే అంతర్జాతీయ సంస్థ) లోగో ఉందని రాశారు. లోగో ఎవరైనా అతికించుకోగలరు. కోప్ సభ్యుల జాబితా వాళ్ల సైట్‌లోనే ఉంటుంది, రుజువు అక్కడ వెతకాలి. ఇక 'కేర్ లిస్టెడ్' అన్న ప్రకటన ఇప్పుడు దేనికీ పనికిరాదు: కేర్ అన్నది యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా, దాన్ని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది.

300 డాలర్లు కట్టకండి. కట్టినంతమాత్రాన పేపర్ తీసేస్తారన్న హామీ ఏదీ లేదు, పైగా మీరు కట్టే మనిషని వాళ్లకు తెలిసిపోతుంది. ఈ ఎత్తు కొత్తది కాదు, మనకు దూరమూ కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వేసిన కేసులో, ఫీజు సంగతి ముందు చెప్పకపోవడం, వెనక్కి తీసుకుంటామన్న రచయితల్ని తీసుకోనివ్వకపోవడం కూడా ఆరోపణలే. 2019 మార్చిలో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది.

విత్‌డ్రాయల్ మెయిల్ మళ్లీ పంపండి, ఈసారి పద్ధతిగా. యూనివర్సిటీ మెయిల్ ఐడీ నుంచి, రచయితలందరికీ కాపీ పెట్టి, మాన్యుస్క్రిప్ట్ నంబరు వేసి రాయండి. సహరచయితల అనుమతి లేకుండా పంపిన పేపర్ ఇది, కాబట్టి ఆ కాపీరైట్ ఫారం చెల్లదు, ప్రచురణకు మా అంగీకారం లేదు, డబ్బు కట్టలేదు, కట్టము అని స్పష్టంగా ఉండాలి. చూశారా, మీరు భయపడి దాచిన సంగతే ఇక్కడ మీకు బలమైన ఆధారం. ఉమ్మడి రచనలో ఒకరు రాసిచ్చినంత మాత్రాన మిగతావారి హక్కు పోదు. కానీ ఈ ఆధారం వాడుకోవాలంటే గైడ్ సంతకం కావాలి, అంటే ఆయనకు ముందే తెలిసి ఉండాలి. ఫారంలో ఆయన పేరు మీరే టైపు చేశారన్నది కూడా ఆయనకు విడమర్చి చెప్పండి, తర్వాత ఎక్కడో బయటపడే కన్నా మీ నోట వినడమే మేలు.

ఆ సైట్ పేజీలు, ఫీజు అడిగిన మెయిళ్లు, బెదిరింపు మెయిల్ అన్నీ తేదీ కనబడేలా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. ఇలాంటి సైట్లు రాత్రికి రాత్రి అడ్రసు మార్చేస్తాయి. ఆరు నెలలపాటు వారానికోసారి మీ పేపర్‌ని గూగుల్ స్కాలర్‌లో వెతకండి. శీర్షికతో మాత్రమే కాదు, అబ్‌స్ట్రాక్ట్‌లోంచి ఒక ప్రత్యేకమైన వాక్యం కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి. శీర్షికలో ఒకటి రెండు మాటలు మార్చి పెట్టేవాళ్లున్నారు. కనబడితే అదేరోజు సొసైటీ జర్నల్ ఎడిటర్‌కి చెప్పండి, అసలు జర్నల్ ఎడిటర్‌కీ రాయండి. 'ఆ సైట్ మాది కాదు, ఈ పేపర్‌ని మేము తీసుకోలేదు' అని అసలువాళ్లు ఒక్క లైను రాసిస్తే అది మీకు మంచి కవచం. బెదిరింపులు డబ్బు వసూళ్ల దాకా వెళ్తే 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి. యూనివర్సిటీకి ఫిర్యాదు చేస్తామన్నారు కదా, మీరే ముందు చెప్పేసిన సంగతి మీద వాళ్ల ఫిర్యాదుకు పస ఉండదు.

ఇక పేర్ల గొడవ. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న స్థితి మీది, అర్థమవుతోంది. అందుకే ఇక్కడ మీ అభిప్రాయంతో కాదు, జర్నల్ కాగితాలతో మాట్లాడండి.

ఐసీఎంజేఈ (వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ) నియమాలు వైద్య పత్రికల కోసం పుట్టినవే అయినా, జీవశాస్త్ర జర్నళ్లు చాలా వాటినే అనుసరిస్తాయి. మీ జర్నల్ ఏది పాటిస్తుందో 'ఇన్‌స్ట్రక్షన్స్ టు ఆథర్స్'లో ఉంటుంది, ముందు అది చదవండి. ఆ నియమాల ప్రకారం రచయిత అనిపించుకోవడానికి నాలుగూ ఉండాలి: పరిశోధన ఆలోచనలో గానీ, డేటా సేకరణలో, విశ్లేషణలో గానీ చెప్పుకోదగ్గ పాత్ర, రాయడం లేదా విషయం మీద లోతుగా దిద్దడం, తుది ప్రతికి ఆమోదం, మొత్తం పనికి జవాబుదారీ వహించడం. నాలుగిట్లో ఒకటి తగ్గినా స్థానం కృతజ్ఞతల్లోనే. నిధులు తేవడం, ల్యాబ్ ఇవ్వడం, శాఖకు అధిపతిగా ఉండటం, వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను రచయితను చేయదు.

ఎంఎస్సీ అమ్మాయి విషయానికొస్తే మొదటి షరతు ఆమె తీర్చేసింది. మిగతా మూడూ తీర్చలేదు కదా అని కొందరు వాదిస్తారు. అదే నియమాల్లో దానికి జవాబుంది: మొదటి షరతు తీర్చినవాళ్లకు రాతప్రతి చదివే, దిద్దే, ఆమోదించే అవకాశం ఇచ్చి తీరాలి, అవకాశం ఇవ్వకుండా, పాల్గొనలేదని పేరు తీసేయకూడదు. రివిజన్ ప్రతి ఆమెకు మెయిల్ చేసి, వారం గడువిచ్చి, ఆమోదం రాతలో తెప్పించుకోండి. బెంగళూరులో ఉన్నా చంద్రమండలంలో ఉన్నా మెయిల్ వెళ్తుంది.

ఆమె పేరు ఇప్పటికే సబ్మిషన్‌లో ఉంది కాబట్టి, తీసేయాలంటే రచయితల మార్పు ఫారం నింపాలి. మార్పుకు కారణం రాయాలి, రచయితలందరూ సంతకం చేయాలి. తీసేస్తున్న వ్యక్తి, చేరుస్తున్న వ్యక్తి కూడా. ఎవరైనా ఒకరు ఒప్పుకోకపోతే తేలేదాకా జర్నల్ పేపర్‌ని పక్కన పెడుతుంది. తగవు తీర్చే పని జర్నల్ నెత్తిన వేసుకోదు, సంస్థకు పంపి విచారించమంటుంది. ఈ ఒక్క సమాచారం మీ గైడ్ ముందు మర్యాదగా పెట్టండి: 'సార్, పేరు తీయాలంటే ఆ అమ్మాయి సంతకం, కారణం కావాలట. గడువు నెల రోజులే ఉంది' అని. మీరు కాదన్నట్టు ఉండదు, ఫారం కాదన్నట్టు ఉంటుంది. చాలాసార్లు మాట అక్కడితో ఆగిపోతుంది.

ఆగకపోతే హెచ్‌ఓడి విషయంలో ఇంకో మెట్టుంది. క్రెడిట్ అనే పద్ధతిలో పేపర్ పనిని 14 పాత్రలుగా విడగొట్టారు. ఆ పట్టికను అడ్డంగా పేర్లు, నిలువుగా పాత్రలు వేసి, నింపమని గైడ్‌కే ఇవ్వండి. హెచ్‌ఓడి కింద 'వనరులు' అన్న ఒక్క గడిలో టిక్ పడవచ్చు. గుర్తుంచుకోండి, ఈ పట్టిక ఎవరేం చేశారో చెబుతుందే తప్ప ఎవరు రచయితో తేల్చదు. ఆ ఒక్క టిక్‌తో రచయిత కాలేరు. ఆయన పేరు కృతజ్ఞతల్లో మొదటి వరుసలో, ఆయన అనుమతి తీసుకుని పెట్టవచ్చు. లేదా రివ్యూయర్లు అడిగిన అదనపు గణాంక విశ్లేషణ ఏదైనా ఆయన నిజంగా చేసి, ఫలితాల చర్చ భాగం దిద్ది, ఆమోదిస్తే అప్పుడు ఆయన్ని చేర్చడం గిఫ్ట్ ఆథర్‌షిప్ (పని చేయనివారికి పేరు దానం చేయడం) కాదు. ఈ మాట గైడ్‌తో చెప్పించండి, మీరు నేరుగా వెళ్లి చెప్పకండి.

అవేవీ జరక్క, గైడ్ పట్టుబడితే? లొంగిపోయి హెచ్‌ఓడి పేరు చేర్చేవాళ్లు మన దగ్గర కోకొల్లలు, వాళ్లలో దొరికిపోయేవాళ్లు తక్కువ. ఇది కాదనను. కానీ మీ పేపర్‌లో ఒక పేరు చేరడమే కాదు, ఒక పేరు పోతోంది. పోయిన పేరు మనిషికి రేపు కోపమొస్తే జర్నల్‌కి రాయడానికి పది నిమిషాలు. ఆమె దగ్గర ల్యాబ్ నోట్‌బుక్ ఫోటోలుంటాయి. బ్యాక్టీరియా జన్యు సీక్వెన్సులు జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డేటాబేస్‌లో పెట్టి ఉంటే అక్కడ సమర్పించినవారి పేర్లు, తేదీ ఉంటాయి. అందుకే రెండు కోరికలనూ ఒకే గాటన కట్టకండి. చేర్చడం దగ్గర మీరు ఓడిపోయినా, తీసేయడం దగ్గర ఒప్పుకోకండి. ఓడిపోయారంటే తప్పు సమసిపోయిందని కాదు. జరగబోయే నష్టం తగ్గిందని.

లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసే దారి కూడా ఉంది, కానీ దాని నిర్మాణం తెలిసి వెళ్లండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం శాఖ స్థాయిలో ఉండే అకడమిక్ ఇంటిగ్రిటీ ప్యానెల్‌కి అధ్యక్షుడు హెచ్‌ఓడినే. పైగా ఆ నిబంధనలు ప్రధానంగా ప్లేజియరిజం మీద రాసినవి, పేరు దానం గురించి కాదు. కాబట్టి వెళ్లాల్సివస్తే రీసెర్చ్ డీన్ దగ్గరికో, సంస్థ స్థాయి ప్యానెల్ దగ్గరికో వెళ్లాలి. థీసిస్ సమర్పణకు ముందు ఈ దారి పట్టడం మీకు భారమవుతుంది. మిగతావన్నీ అయ్యాకే దీని గురించి ఆలోచించండి.

థీసిస్ భయం గురించి ఒక్క ముక్క. మీ తొందరంతా పేపర్ తప్పనిసరి అన్నదాన్నుంచి పుట్టింది. యూజీసీ 2022 నవంబరు నిబంధనలు థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు ఎత్తేశాయి, కానీ మీరు 2021లో చేరారు కాబట్టి మీకు 2016 నిబంధనలే వర్తిస్తాయి. వాటిలో అడిగింది రిఫరీడ్ జర్నల్‌లో ఒక పేపర్, రెండు సదస్సు ప్రసంగాలు. స్కోపస్ అన్న మాట అక్కడ లేదు. అది మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్‌లో ఉందా, లేక శాఖలో నోటిమాటగా నడుస్తోందా, పరీక్షల విభాగంలో కాగితం చూపించమని అడగండి. యాక్సెప్టెన్స్ లెటర్ చాలునా, అచ్చు ప్రతే కావాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. దీన్నిబట్టి మీ చేతిలో ఎన్ని నెలలున్నాయో తెలుస్తుంది, ఎడిటర్ తిరగ్గొడితే తట్టుకోగలరో లేదో తెలుస్తుంది.

గైడ్ దగ్గరికి వెళ్లేరోజు నాలుగు కాగితాలు చేతిలో ఉంచుకోండి: మొదటి విత్‌డ్రాయల్ మెయిల్ ప్రింటు, ఎడిటర్‌కి రాయబోయే ఉత్తరం చిత్తుప్రతి, రచయితల మార్పు ఫారం, ఖాళీ క్రెడిట్ పట్టిక. ముందు మీ తప్పు చెప్పండి, తర్వాతే పేర్ల మాట ఎత్తండి. ఆయన కేకలేయవచ్చు. ఎడిటర్‌కి రాసే ఉత్తరం తన పేరుకు కూడా రక్షణేనని ఆయనకు కాసేపటికి తోస్తుంది, ఎందుకంటే అందులో 'సహరచయితలకు తెలియదు' అన్న వాక్యం ఉంది. 30 రోజులు సరిపోవనిపిస్తే గడువు ముగియకముందే పొడిగింపు అడగండి. రెండు వారాలు అడగడం మామూలే.

చివరగా మీరు అడిగిన చిన్న ప్రశ్న: ఆ నాలుగు రోజుల యాక్సెప్టెన్స్ లెటర్‌ని థీసిస్ అనుబంధంలో పెట్టవచ్చా అని. వద్దు. ప్రచురణల జాబితాలో గానీ, ప్రీ-సబ్మిషన్ ఫైల్లో గానీ దాని ఊసు ఉండకూడదు. మీ సీనియర్ తన ఫైల్లో అలాంటిదే పెట్టి ఉంటే, ఈ సమాధానం ఆయనకూ పంపండి.